శూన్యముతో మొదలగు గొలుసు

ఎన్ని వస్తువులు వచ్చునో ముందుగా తెలియనపుడును, వరుస నడుమ నొకదానిని చొప్పింపవలసి వచ్చినపుడును అర్రే యను అమరిక మిక్కిలి యిబ్బంది పెట్టును. అట్టి చిక్కులకై 1955–56 ప్రాంతమున అమెరికాలో న్యూయెల్, షా, సైమన్ అను మువ్వురు తమ ఐపీఎల్ భాషకొఱకు (క్రికెట్టుతో దీనికేమియు సంబంధము లేదు) లింక్డ్ లిస్టు అను గొలుసును కల్పించిరి. 1970ల తొలినాళ్లలో బెల్ ప్రయోగశాలలో డెనిస్ రిచీ రూపొందించిన సీ భాషలో నీ గొలుసును కట్టు భారమంతయు ప్రోగ్రామరుదే. భాష అడ్డుపడదు, ఆదుకొనదు.

గొలుసులోని ప్రతి లంకెకు, అనగా నోడునకు, రెండు గదులుండును: ఒకదానిలో విషయము, నెక్స్ట్ అను రెండవదానిలో తరువాతి నోడు చిరునామా. చిరునామాను ధరించు చరరాశియే పాయింటరు. మొదటి నోడు జాడ తెలుపు పాయింటరును హెడ్ అందురు. గొలుసింకను పుట్టకముందు హెడ్‌లో నల్ అను శూన్యవిలువ నుంచవలెను. ఫంక్షనుల వెలుపల ప్రకటించిన పాయింటరునకు సీ భాషయే శూన్యము నొసగును గాని, ఫంక్షను లోపల మామూలుగా ప్రకటించినదాని కట్టి భాగ్యము లేదు. అందు మునుపటి పనులు వదలిపోయిన యంకె యేదో పడియుండగా, ప్రోగ్రాము దానినే నమ్మి, పాతజాబు మీది చిరునామా పట్టుకొని తిరుగు తపాలా బంట్రోతువలె, తనదికాని తలుపు తట్టును. ఆపరేటింగ్ సిస్టము సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని అక్కడికక్కడే ఆపివేసిన అదృష్టమే. ఆపనిచో ఇంకొక దత్తాంశమేదో చెడి, దోషము మరెక్కడనో, మరెప్పుడో బయటపడును.

మాలక్ అను ఫంక్షనును పిలిచి నోడునకు స్థలము తెచ్చుకొన్నపుడును ఇదే జాగరూకత వలయును. అది స్థలమిచ్చునే కాని తుడిచి యీయదు. స్థలము దొరకెనో లేదో చూచి, విషయపు గదిలో 10 వ్రాసి, నెక్స్ట్ గదిలో నల్ నుంచి, పిమ్మట నా నోడు చిరునామాను హెడ్‌లో వేయవలెను. దానికి ముందు 5ను చేర్పదలచినచో, హెడ్‌లోని పాత చిరునామాను క్రొత్తనోడు నెక్స్ట్‌లో వ్రాసిన తరువాతనే హెడ్‌ను మార్చవలెను. క్రమము తారుమారైన, 10 గల నోడు ఎచ్చటనున్నదో చెప్పువారే యుండరు.

క్రొత్తవారు మోసపోవు చోటింకొకటి కలదు. సీ ఫంక్షనులకు విలువల నకళ్లే యందును. కావున హెడ్‌ను పంపినచో ఫంక్షను తన నకలును మార్చుకొని తృప్తిపడును, పిలిచినవాని హెడ్ మాత్రము మునుపటివలెనే మిగులును. హెడ్ యొక్క చిరునామానే పంపుట దీనికి మందు. రెండు నక్షత్రపు గుర్తులతో వ్రాయు పాయింటరు అదియే. ఆ గుర్తులకు జంకువారు, ఫంక్షనుచే క్రొత్త హెడ్‌ను తిరిగి యిప్పించుకొని తమ హెడ్‌లో వేసికొన్నను పని జరుగును. నాకు మట్టుకు ఈ రెండవ పద్ధతియే చదువుటకు హాయిగా తోచును.