'ఎడ్యుకేషన్'లో 'ఆదోని' దాగుంది.. ఈ ఇంగ్లిష్ అక్షరాల గమ్మత్తు మీకు తెలుసా?

ఇంగ్లిష్‌లో 'ఎడ్యుకేషన్' అనే పదాన్ని ఓసారి కాగితంపై రాయండి. ఈ-డీ-యూ-సీ-ఏ-టీ-ఐ-ఓ-ఎన్.. మొత్తం 9 అక్షరాలు. ఇప్పుడు అందులోంచి ఏ, డీ, ఓ, ఎన్, ఐ కొట్టేయండి. ఆ ఐదూ వరుసగా పెడితే ఏమొస్తుంది? 'ఆదోని'! మిగిలిన నాలుగు అక్షరాలు సీ, యూ, టీ, ఈ. వాటిని కలిపి చదివితే 'క్యూట్'. అంటే 'ఆదోని', 'క్యూట్' కలిస్తే 'ఎడ్యుకేషన్' అన్నమాట. నమ్మబుద్ధి కాకపోతే మళ్లీ లెక్కపెట్టుకోండి.

ఊరి పేరుకీ, ఈ ఇంగ్లిష్ పదానికీ నిజానికి ఏ చుట్టరికమూ లేదు. అక్షరాలు అలా కుదిరాయంతే. కానీ ఇలాంటి ఆట ఇంగ్లిష్‌లో చాలా పాతది. ఇంగ్లిష్ పదం కనిపిస్తేనే భయపడే పిల్లలకు ఇది బాగా పనికొస్తుంది కూడా. అదెలాగో చూద్దాం.

అవే అక్షరాలు.. వేరే పదం

ఒక పదంలోని అక్షరాలన్నీ వాడి, ఒక్కటీ వదలకుండా, ఒక్కటీ కలపకుండా ఇంకో పదం తయారు చేస్తే దాన్ని 'అనగ్రామ్' అంటారు. 'లిజన్' అంటే విను. 'సైలెంట్' అంటే నిశ్శబ్దం. రెండింట్లోనూ ఉన్నవి అవే ఆరు అక్షరాలు.

పొడవైన పదాల్లోనూ ఇలాంటి జంటలున్నాయి. 'కన్వర్జేషన్' అంటే సంభాషణ. 'కన్జర్వేషన్' అంటే సంరక్షణ. రెండూ 12 అక్షరాలే, రెండింట్లోనూ అవే అక్షరాలు. ఎస్, వీ చోట్లు మార్చుకుంటే చాలు, అర్థం మారిపోతుంది. ఇక సినిమా అభిమానుల కోసం ఒకటి. 'సినిమాటోగ్రాఫర్' పదంలోని 15 అక్షరాలను అటూ ఇటూ మారిస్తే 'మెగాకైరాప్టెరన్' వస్తుంది. అదేంటో తెలుసా? పండ్లు తినే పెద్ద గబ్బిలం!

పదాలే కాదు, మాటల వరుసలూ ఇలాగే కలుస్తాయి. 'ఎలెవెన్ ప్లస్ టూ' రాయండి. దాని కిందే 'ట్వెల్వ్ ప్లస్ వన్' రాయండి. రెండింట్లో అవే అక్షరాలు, ఒక్కోదాంట్లో 13 చొప్పున. కూడితే వచ్చే జవాబు కూడా 13! 'డార్మిటరీ' అంటే హాస్టల్ గది. ఆ అక్షరాలనే మారిస్తే 'డర్టీ రూమ్', అంటే మురికి గది. హాస్టల్లో ఉండి చదువుకున్నవాళ్లకు దీని గురించి వేరే చెప్పక్కర్లేదు.

రెండు పదాలు అనగ్రామ్ అవునో కాదో తేల్చడం కూడా సులువే. రెండింటి అక్షరాలనూ ఏ నుంచి జెడ్ వరకు వరుసలో పెట్టండి. రెండు వరుసలూ ఒక్కటైతే అనగ్రామే. కంప్యూటర్ ప్రోగ్రామ్‌లు కూడా మామూలుగా ఇదే పద్ధతి వాడతాయి.

మన ఊళ్ల పేర్లలో ఏముంది?

ఆదోని అక్షరాలనే మారిస్తే 'డానియో' వస్తుంది. అది ఒక చిన్న చేపల జాతి. వాటిలో చారలుండే జీబ్రా ఫిష్‌పై ప్రపంచవ్యాప్తంగా ల్యాబుల్లో పరిశోధనలు చేస్తున్నారు. దాని పిండం పారదర్శకంగా ఉంటుంది కాబట్టి లోపల అవయవాలు ఎలా తయారవుతున్నాయో బయటి నుంచే చూడొచ్చు. 'డైమండ్' పదంలోనూ ఆదోని అక్షరాలు ఐదూ ఉన్నాయి. తొలకరి వానలు పడగానే తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో జనం వజ్రాల కోసం వెతికేది ఇదే కర్నూలు జిల్లాలో మరి.

ఎమ్మిగనూరును 'వై'తో మొదలుపెట్టి రాస్తే 10 అక్షరాలు. అందులో 'జర్మనీ' దాగుంది. ఆ 'వై' తీసేసి 'ఈ'తో మొదలుపెడితే జర్మనీ మాయం! పెద్దకడుబూరులో 12 అక్షరాలున్నాయి. వాటిలోంచి 'రీడ్' వస్తుంది, 'పరేడ్' వస్తుంది, ఏడక్షరాల 'బ్రేకప్' కూడా వస్తుంది.

పొడవుంటే భయమెందుకు?

ఇంగ్లిష్ డిక్షనరీల్లో అతి పొడవైన పదంగా పేరున్నది 'న్యూమోనోఅల్ట్రామైక్రోస్కోపిక్‌సిలికోవాల్కనోకోనియోసిస్'. మొత్తం 45 అక్షరాలు. 1935లో అమెరికాలోని నేషనల్ పజ్లర్స్ లీగ్ అధ్యక్షుడు ఎవరెట్ స్మిత్ కావాలనే ఇంత పొడవుగా తయారు చేశారు. ముక్కలు చేస్తే మాత్రం ఇందులో ఏమీ లేదు. న్యూమోనో అంటే ఊపిరితిత్తి. అల్ట్రామైక్రోస్కోపిక్ అంటే అతి సూక్ష్మమైన. సిలికో అంటే సిలికా. వాల్కనో అంటే అగ్నిపర్వతం. కోనియోసిస్ అంటే దుమ్ము వల్ల వచ్చే జబ్బు. రాళ్లు కొట్టే పనివాళ్లను పట్టి పీడించే సిలికోసిస్ ఈ కోవలోదే.

స్కూల్ పుస్తకంలోని 'ఫొటోసింథసిస్' కూడా అంతే. 14 అక్షరాలు. 'ఫొటో' అంటే వెలుగు, 'సింథసిస్' అంటే కలిపి తయారు చేయడం. తెలుగులో మాత్రం తక్కువుందా? కిరణజన్య సంయోగక్రియ! దాన్ని కూడా విడగొట్టే కదా నేర్చుకుంటాం. 'ఫొటో' ముక్క ఒక్కటి పట్టుబడితే ఫొటోగ్రఫీ, ఫొటోకాపీ లాంటివన్నీ వెంటే వస్తాయి.

అమెరికా స్పెల్లింగ్ బీ పోటీల్లో మన తెలుగు పిల్లలు చేసేదీ ఇదే. ఫ్లోరిడాకు చెందిన తెలుగు కుటుంబంలోని బృహత్ సోమ 2024లో 12 ఏళ్లకే టైటిల్ కొట్టాడు. టైబ్రేకర్‌లో 90 సెకన్లలో 29 పదాలకు స్పెల్లింగ్ కరెక్ట్‌గా చెప్పాడు. ఈ పోటీల్లో పదం ఇవ్వగానే పిల్లలు దాని అర్థం ఏంటి, ఏ భాష నుంచి వచ్చింది అని అడుగుతారు. ఎందుకంటే పదం పుట్టుక తెలిస్తే స్పెల్లింగ్ సగం తెలిసినట్టే. అంతేకానీ అక్షరాల వరుసను బట్టీ పట్టి గెలవడం కుదరదు.

ఇక్కడి పిల్లలకు ఎందుకు ముఖ్యం?

2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి కర్నూలు జిల్లా అక్షరాస్యత 60 శాతం. అప్పటి ఉమ్మడి రాష్ట్ర సగటు 67 శాతం. పెద్దకడుబూరు, కోసిగి, కౌతాళం లాంటి పశ్చిమ మండలాలు ఇంకా వెనకబడ్డాయి. వానలు సరిగా పడకపోతే పత్తి తీతకు, మిర్చి కోతకు కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు వైపు, తెలంగాణకు వలస వెళ్తాయి. పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు నడుపుతున్నా అమ్మానాన్నల వెంట వెళ్లిపోయేవాళ్లూ ఉన్నారు. కొన్ని నెలల తర్వాత తిరిగొచ్చి ఇంగ్లిష్ పాఠం తెరిస్తే ఆ పొడవు పదాలు గోడలా అడ్డం నిలబడతాయి.

'ఎడ్యుకేషన్' అక్షరాలతోనే ఇంకో రెండు పదాలున్నాయి. 'ఆక్షన్డ్', అంటే వేలం వేశారు అని. ఆదోని మార్కెట్ యార్డులో పత్తికి రోజూ జరిగేది అదే. రెండోది 'కాషన్డ్', అంటే హెచ్చరించారు అని. మూడింట్లోనూ అవే 9 అక్షరాలు. ఏ అక్షరం ఎక్కడ నిలబడిందన్నదే తేడా. అక్షరాలు వచ్చినంత మాత్రాన పదం వచ్చినట్టు కాదు, వాటి వరుస కూడా తెలియాలి. బడి మధ్యలో ఆగిన పిల్లలు తప్పిపోయేది సరిగ్గా ఇక్కడే. ఈ ఆటకు పైసా ఖర్చు లేదు. ఓ పలక ఉంటే చాలు, చేను గట్టు మీదైనా ఆడుకోవచ్చు.

ఒక్క అక్షరం తేడా వస్తే?

ఆటలో అక్షరం అటూ ఇటూ అయితే నవ్వుకుంటాం. సర్టిఫికెట్‌లో అయితే ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఈ మండలం పేరునే తెలుగులో పెద్దకడుబూరు అని, పెద్దకడబూరు అని రెండు రకాలుగా రాస్తారు. ఇక ఇంగ్లిష్‌లో ఒకరు 'యూ' పెడితే మరొకరు 'ఏ' పెడతారు. 'లక్ష్మి' అని రాయడానికి కొందరు 'ఎక్స్' వాడితే కొందరు 'కే-ఎస్-హెచ్' వాడతారు. మనిషైతే రెండూ ఒకటేనని అర్థం చేసుకుంటాడు. కంప్యూటర్ మాత్రం అక్షరానికి అక్షరం వరుసగా పోల్చి, తేడా ఉంటే వేరే మనిషి అనుకుంటుంది.

అందుకే టెన్త్ నామినల్ రోల్స్ పంపే ముందే పిల్లల పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో అక్షరం అక్షరం సరిచూసుకోవాలి. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం రెండుసార్లే ఉంటుంది. చదువు రాని తల్లిదండ్రులైతే మొహమాటపడకుండా టీచర్‌తోనో, పక్కింటి కాలేజీ పిల్లలతోనో పైకి చదివించుకోవాలి.

మరి మీ ఊరి పేరును ఇంగ్లిష్‌లో రాసి, అందులో ఎన్ని పదాలు దాగున్నాయో వెతకండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. మీకంటే ముందు వాళ్లే కనిపెట్టేస్తారేమో!