రాతిలోకి చూసిన రాయి

పద్దెనిమిదో శతాబ్దం చివర్లో యూరప్‌లో రాళ్ళ పుట్టుక మీద గట్టి పేచీ నడిచింది. బసాల్ట్, గ్రానైట్ ఆదిమ సముద్రపు నీళ్ళలోంచి పేరుకున్నవని జర్మనీలో వెర్నర్ పాఠం చెప్పేవాడు. కాదు, అవి భూగర్భంలో కరిగి చల్లారినవని ఎడింబరోలో హట్టన్ వాదన. హట్టన్ మిత్రుడు జేమ్స్ హాల్ 1798లో బసాల్ట్‌ను కొలిమిలో కరిగించిన ప్రయోగాల్ని లోకం ముందు పెట్టాడు. గబుక్కున చల్లారిస్తే అది గాజైంది, నింపాదిగా చల్లారిస్తే మళ్ళీ రాయైంది. అయినా లోపల ఏం జరిగిందో చూసే సాధనం లేదు. బసాల్ట్‌లో స్ఫటికాలు కంటికి ఆనవు, పైగా అది వెలుతురు దూరని రాయి.

ఆ సాధనమూ లావా రాళ్ళ నుంచే వచ్చింది. ఐస్‌లాండ్ తూర్పున హెల్గుస్టాడిర్ దగ్గర బసాల్ట్ సందుల్లో తేటగా మెరిసే కాల్సైట్ దొరికేది. దాన్ని అక్షరం మీద పెడితే అక్షరం రెండుగా కనిపిస్తుంది, లోపలికెళ్ళిన కాంతి రెండు కిరణాలుగా చీలుతుంది కనక. 1828లో ఎడింబరోలో విలియం నికల్ అలాంటి స్ఫటికాన్ని ఏటవాలుగా కోసి, కెనడా బాల్సం అనే చెట్టు జిగురుతో మళ్ళీ అతికించాడు. ఒక కిరణం అతుకు దగ్గర పక్కకు మళ్ళిపోతుంది. ఒకే దిశలో కంపించే రెండోది బయటికొస్తుంది. ఇలాంటి పట్టకాలు రెండింటిని వరసగా ఉంచి, ఒకదాన్ని అడ్డంగా తిప్పితే వెలుతురు పూర్తిగా ఆగిపోతుంది. వాటి మధ్య చాలా ఖనిజాల పలుచని పొర పెడితే మళ్ళీ వెలుగొస్తుంది, ఒక్కోసారి రంగులతో. గాజు పెడితే చీకటి చీకటిగానే ఉంటుంది. కరిగిన రాయి ఎక్కడ స్ఫటికమైందో, ఎక్కడ స్ఫటికమయ్యే వ్యవధి లేక గాజుగా గడ్డకట్టిందో తేల్చడానికి ఇంత సూటైన పరీక్ష మరొకటి లేదనిపిస్తుంది.

రాళ్ళ చరిత్ర చదవడానికి ఈ పట్టకాలున్న మైక్రోస్కోపును పట్టుదలగా వాడినవాడు షెఫీల్డ్‌కు చెందిన హెన్రీ క్లిఫ్టన్ సోర్బీ. కొండల్ని మైక్రోస్కోపుతో చూస్తాడట అని నవ్వినవాళ్ళున్నారు. 1858 నాటి వ్యాసంలో ఆయన గ్రానైట్‌లోని క్వార్ట్జ్‌లో చిక్కుకున్న ద్రవపు బిందువుల గురించి రాశాడు. ఒక్కో బిందువులో ఓ చిన్న బుడగ. వేడిగా ఉన్నప్పుడు ఆ గుంటను నింపిన ద్రవం చల్లారి కుంచించుకుపోతే మిగిలిన ఖాళీ అది. అంటే గ్రానైట్ పుట్టుకలో వేడికీ చోటుంది, నీటికీ చోటుంది. పేచీలో రెండు పక్షాలూ ఊహించని జవాబిది. సోర్బీని కలిసిన జర్మన్ యువకుడు ఫెర్డినాండ్ జిర్కెల్ ఈ పనిని ఒక శాస్త్రంగా నిలబెట్టాడు.

ఇలా చూడాలంటే రాతిని వెలుతురు దూరేంత పలుచని పొరగా చెయ్యాలి, దానికి ఓపిక కావాలి. రాతిని పలకగా కోసి, ఒక వైపు నున్నగా చేసి గాజు మీద అతికిస్తారు. రెండో వైపు కార్బొరండం పొడితో అరగదీస్తూ పోతారు. మందం 0.03 మిల్లీమీటర్లకు దిగాలి. మధ్యలో మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తారు. క్వార్ట్జ్ ఇంకా పసుపు, ఎరుపు రంగులు చూపిస్తుంటే పని మిగిలినట్టే. బూడిదరంగుకు దిగాక చెయ్యి ఆపాలి, లేకపోతే పొరే మాయమవుతుంది.

హైదరాబాద్ పరిసరాల గ్రానైట్‌ను అలా చూస్తే పెద్ద పెద్ద గింజలు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి. మైక్రోక్లిన్ అనే ఫెల్డ్‌స్పార్ గళ్ళ లుంగీలా కనిపిస్తుంది. లోతున చాలా కాలం చల్లారిన రాయి అది. రాజమండ్రి దగ్గర కాతేరులో దొరికే బసాల్ట్ పొరలో ఫెల్డ్‌స్పార్ సన్నని పుల్లల్లా చిందరవందరగా పడి ఉంటుంది, లావాగా పైకొచ్చి త్వరగా గట్టిపడింది కనక. కొన్ని లావాల్లో పెద్ద స్ఫటికాల చుట్టూ నుసిలాంటివి ఉంటాయి. పెద్దవి పైకి రాకముందే లోపల పెరిగినవి, నుసి బయటపడ్డాక ఏర్పడింది.

అగ్నిపర్వతం ఎందుకు పేలుతుందో కూడా ఈ పొరల్లో కొంత కనిపిస్తుంది. మాగ్మా పైకొస్తుంటే ఒత్తిడి తగ్గి, అందులో కరిగి ఉన్న నీటి ఆవిరి, ఇతర వాయువులు బుడగలవుతాయి. సిలికా తక్కువున్న పలుచని లావాలోంచి అవి తేలిగ్గా తప్పించుకుంటాయి. సిలికా ఎక్కువున్న చిక్కని ద్రవంలో చిక్కుబడి చివరికి దాన్నే చీల్చేస్తాయి. ప్యూమిస్ అనే నురగ రాయి పొరలో కనిపించేవి ఆ బుడగల గోడలు. అదంతా గాజే, నికల్ పట్టకాల మధ్య నల్లగా ఉండిపోతుంది.

తర్వాత పోలరాయిడ్ రేకు వచ్చి కాల్సైట్ పట్టకాన్ని పక్కకు నెట్టింది. పద్ధతి మాత్రం మారలేదు. 1969లో అపోలో 11 తెచ్చిన చంద్రశిలల్నీ పొరలుగా అరగదీసి ఇలాగే చూశారు. వాటిలోని ఖనిజాలు ఫెల్డ్‌స్పార్, పైరాక్సీన్, ఇల్మనైట్: భూమి మీది బసాల్ట్‌కు దగ్గరి చుట్టమే. కానీ నీరు తగిలి చివికిన గింజ ఆ పొరల్లో కనిపించలేదు.