బొమ్మ గీసిన చేతికి హక్కేది? - దుర్గాబాయి వ్యామ్ పని జీవితం చెప్పే సంగతులు

పుస్తకం గురించి మాట్లాడేటప్పుడు రచయిత పేరు చెబుతాం. గుర్తుంటే ప్రచురణకర్త పేరూ చెబుతాం. అట్ట మీది బొమ్మ, లోపలి బొమ్మలు ఎవరు గీశారన్నది మాత్రం చాలామంది అడగరు. రాసేవాళ్లది బుద్ధి, గీసేవాళ్లది చేతిపని అన్న లెక్క సమాజంలో ఎప్పటి నుంచో ఉంది. బుద్ధిని పైన, చేతిని కింద పెట్టిన వ్యవస్థ పేరు కులం. కాబట్టి పుస్తకాలకు బొమ్మలు గీసే, పేజీలు కూర్చే శ్రమ దళిత అధ్యయనాలకు బయటి విషయం కాదు. పాటను, కథను, ఆత్మకథను చర్చించినంతగా ఈ శ్రమ మీద చర్చ జరగలేదు.

ఎక్కడా ఉద్యోగం లేకుండా, పని దొరికినప్పుడల్లా ఒప్పుకుని చేసే చిత్రకారుల్ని ఇంగ్లీషులో ఫ్రీలాన్సర్లంటారు. ఆ మాటలో స్వేచ్ఛ ఉంది. ఆ స్వేచ్ఛ ఎవరికి ఎంత దక్కుతోందో తేల్చుకోవడానికి మేము దుర్గాబాయి వ్యామ్ పనిని తీసుకుంటున్నాం. ఆమె ఆదివాసీ స్త్రీ. మధ్యప్రదేశ్ మండ్లా జిల్లా బుర్బాస్‌పూర్‌లో పుట్టారు. భోపాల్‌లో ఉంటూ పుస్తకాలకు బొమ్మలు గీశారు. 2022లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. బిరుదు సంగతి అట్లా ఉంచి, పని సంగతి చూద్దాం.

ఆశ్రిత వృత్తి నుంచి ఆర్డరు పనికి

దుర్గాబాయి పర్ధాన్ గోండు. పర్ధాన్‌లు గోండుల వంశ కథలు, దేవుళ్ల కథలు పాడేవాళ్లు. నల్లమద్ది చెట్టు కింద బడాదేవ్‌ను తలుస్తూ, బానా అనే తీగ వాయిద్యం మీద కథ చెప్పేవాళ్లు. గోండు దాతల ఇళ్లకు పోయి పాడితే ధాన్యమో, పశువో, బట్టో ఇచ్చేవారు. ఇది మనకు తెలియని సంగతేం కాదు. ఆదిలాబాద్ గోండులకూ ప్రధాన్‌లున్నారు, కిక్రి వాయిస్తూ గోత్ర కథలు చెప్పేది వాళ్లే. తెలంగాణలో మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివాళ్లదీ ఇట్లాంటి సంబంధమే. డక్కలివాళ్లు పటం పరిచి కథ చెబుతారు, ఆ పటం గీసేది నకాషీలు. చెప్పేవారు ఒకరు, గీసేవారు ఒకరు, ఇచ్చేవారు ఒకరు.

ఆశ్రిత కులాల వాళ్లు తమకు వచ్చేదాన్ని భిక్ష అనరు, త్యాగం అంటారు. ఫలానా ఊరి మీద ఫలానా కుటుంబానికి మిరాశి ఉంటుంది, ఇంకొకరు వచ్చి అడగడానికి లేదు. ఈ ఏర్పాటులో అవమానం ఉంది, అంటు ఉంది, కడుపు నిండని రోజులున్నాయి. మేము దాన్ని పొగడటం లేదు. అయితే అందులో హక్కు అనే ఊహ కూడా ఉంది. కథ చెప్పినవాడికి కథ మీద, ఊరి మీద ఒక పట్టు ఉండేది.

దాతల చేతులు బిగుసుకున్నాక పర్ధాన్ కుటుంబాలు కూలికి, వలసకు పోయాయి. 1980ల మొదట్లో భోపాల్ భారత్ భవన్ కోసం చిత్రకారుడు జె. స్వామినాథన్ బృందం పల్లెల్లో తిరుగుతూ పాటన్‌గఢ్‌లో జన్‌గఢ్ సింగ్ శ్యామ్ అనే యువకుడు గోడ మీద గీసిన బొమ్మలు చూసింది. ఆయన్ని భోపాల్ తీసుకొచ్చారు. గోడ మీది బొమ్మ కాగితం మీదికి, క్యాన్వాసు మీదికి ఎక్కింది. పాడే కులం గీసే కులమయింది. 1989లో పారిస్‌లో జరిగిన పెద్ద ప్రదర్శనలో జన్‌గఢ్ బొమ్మలున్నాయి. 2001లో జపాన్‌లోని ఒక మ్యూజియంలో ఒప్పందం మీద బొమ్మలు గీస్తూ, అక్కడే ఆయన ప్రాణం తీసుకున్నారు. దేశంలోని కళాకారులు, రచయితలు ఆ చావు మీద ప్రశ్నలు లేవనెత్తారు. తనవాళ్లకు దూరంగా, ఇంకొకరి షరతుల మీద గీసే కళాకారుడికి అండ ఎవరన్న ప్రశ్న అప్పటి నుంచీ ఉంది.

దుర్గాబాయికి జన్‌గఢ్ బంధువు. గీతను కాగితం మీదికి తెమ్మని ప్రోత్సహించిన వాళ్లలో ఆయన ఒకరు.

గోడ నుంచి పేజీకి

పండక్కి, పెళ్లికి గోడల మీద, నేల మీద రంగు మట్టితో ఆడవాళ్లు వేసే ముగ్గులాంటి అల్లికను పర్ధాన్‌లు దిగ్నా అంటారు. దుర్గాబాయి చిన్నప్పుడే అవ్వ దగ్గర దిగ్నా నేర్చుకున్నారు. ఆమెకు బడి చదువు అందలేదు. ఆమె మొదటి బడి అవ్వ వేసిన గోడే. ఇంటిపనిలో భాగంగా ఆడవాళ్లు వేసేది కాబట్టి దిగ్నాను ఎవరూ కళ అనలేదు, కూలీ కట్టలేదు. అదే గీత పుస్తకంలోకి వచ్చాక వెల వచ్చింది.

ఆమె పనుల్లో మూడింటిని చూద్దాం.

మొదటిది 2006లో చెన్నై తారా బుక్స్ తెచ్చిన ‘ది నైట్ లైఫ్ ఆఫ్ ట్రీస్’. భజ్జూ శ్యామ్, రామ్‌సింగ్ ఉర్వేతిలతో కలిసి గీసిన పుస్తకం. నల్లటి చేతి కాగితం మీద సిల్క్ స్క్రీన్‌తో అచ్చేసి చేత్తో కుట్టారు. 2008లో దానికి బొలోన్యా పుస్తక ప్రదర్శన బహుమతి వచ్చింది. ఒక్కో రంగుకు ఒక్కో తెర కట్టి అచ్చేసే పని అది. గీసేవాళ్ల శ్రమ పక్కన అచ్చువేసేవాళ్ల శ్రమ కూడా ఆ పేజీలో కనిపిస్తుంది.

రెండోది మనకు దగ్గరిది. 2007లో కంచ ఐలయ్య పిల్లల కోసం ఇంగ్లీషులో రాసిన ‘టర్నింగ్ ద పాట్, టిల్లింగ్ ద ల్యాండ్’ను నవయాన ప్రచురించింది. ఆదివాసీలు, తోలుపని చేసేవాళ్లు, కుమ్మరులు, నేతగాళ్లు, చాకళ్లు, మంగళ్లు ఈ దేశానికి ఇచ్చిన జ్ఞానం ఏమిటో ఆ పుస్తకం చెబుతుంది. బొమ్మలు దుర్గాబాయివి. చేతిపనిలో శాస్త్రం ఉందని తెలంగాణ గొర్రెల కాపరి కులంలో పుట్టిన రచయిత మాటల్లో వాదిస్తుంటే, మండ్లా ఆదివాసీ స్త్రీ ఆ వాదనను చేత్తో చేసి చూపించారు. శ్రమ గౌరవం గురించి చెప్పే పుస్తకంలో బొమ్మ గీసిన శ్రమ గురించి కూడా అడగాల్సిందేనని మాకు అనిపించింది ఇక్కడే.

మూడోది 2011లో నవయాన తెచ్చిన ‘భీమాయన’. దుర్గాబాయి, ఆమె భర్త సుభాష్ వ్యామ్ బొమ్మలు వేశారు. కథనం శ్రీవిద్య నటరాజన్, ఎస్. ఆనంద్‌లది. చిన్నప్పుడు బళ్లో నీళ్లకు అంబేడ్కర్ పడ్డ బాధ, 1917లో బరోడాలో తలదాచుకునే చోటు దొరక్కపోవడం, 1934లో దౌలతాబాద్ కోట దగ్గర చెరువు నీళ్లు ముట్టుకున్నారని జరిగిన గొడవ అందులో ఉన్నాయి. మామూలు బొమ్మల కథల్లో పేజీని గళ్లు గళ్లుగా కోస్తారు. వ్యామ్ దంపతులు మనుషుల్ని గళ్లలో పెట్టడానికి ఒప్పుకోలేదు. దిగ్నా అంచులే పేజీని విడదీస్తూ పారతాయి. మాటల బుడగలు కూడా వాళ్లు కొత్తగా కట్టారు. కులం దెబ్బ తిన్నవాళ్ల మాట పిట్ట ఆకారంలో ఉంటుంది. కులం విషం కక్కే మాటకు తేలు కొండి ఉంటుంది. మనసులో అనుకునే మాటకు ఒక కన్ను ఉంటుంది. అక్షరం చదవలేని పిల్లవాడికి కూడా ఎవరి మాట ఎట్లాంటిదో తెలిసిపోతుంది.

దీన్ని అలంకారం అనుకుంటే పొరపాటు. పేజీని ఎట్లా విడదీయాలి, మాట ఎక్కడ నిలవాలి, కన్ను ఎటు నడవాలి అన్నవి నిర్ణయించడమే డిజైన్. ఆ నిర్ణయాలు తీసుకున్నది బొమ్మలు వేసినవాళ్లు. అందుకే ఆ పుస్తకం మీద కళాకారుల పేర్లు ముందు, కథకుల పేర్లు తర్వాత ఉన్నాయి. ఈ వరస మామూలుగా కనిపించేది కాదు.

‘గిరిజన కళ’ అనే ముసుగు

బ్రాహ్మణీయ కళాచరిత్రలో పై కులం చిత్రకారుడికి పేరు, శైలి, దశలు ఉంటాయి. ఆదివాసీ, దళిత చిత్రకారులకు తెగ పేరు మాత్రమే ఉంటుంది. ‘గోండ్ ఆర్ట్’ అనేస్తే సరిపోతుంది. బొమ్మ తెగదయినప్పుడు దాన్ని ఎవరైనా చీర మీద, డైరీ మీద, క్యాలెండరు మీద వేసుకోవచ్చు, అడిగేవాళ్లుండరు.

నిజానికి జన్‌గఢ్ కలమ్ అని పిలిచే ఈ శైలిలో ఒక్కో చిత్రకారుడిది ఒక్కో గీత. జింక ఒంటినో చెట్టు ఆకునో నింపే చుక్కలు, గీతలు, గొలుసులు మనిషి మనిషికీ మారతాయి. తెలిసినవాళ్లు సంతకం చూడకుండానే ఫలానావాళ్ల బొమ్మ అని చెబుతారు. సంప్రదాయం ఉమ్మడిది, బొమ్మ మాత్రం గీసిన మనిషిది. ఈ రెండూ ఒకేసారి నిజం కావచ్చు.

2023లో మధ్యప్రదేశ్ గోండ్ చిత్రకళకు భౌగోళిక గుర్తింపు దక్కింది. మంచిదే. కాని ఆ గుర్తింపు కాపాడేది సరుకు పేరును. ఒక ఫలానా బొమ్మ మీద గీసినవాళ్ల హక్కును కాపాడాల్సింది వేరే చట్టం.

కాగితం ఎందుకు కావాలి

ఆ చట్టం 1957 నాటి కాపీరైట్ చట్టం. ఇందులో మన విద్యార్థులు, కార్యకర్తలు తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

మామూలుగా బొమ్మ గీసినవాళ్లే దాని మొదటి హక్కుదారులు. హక్కు వాళ్ల జీవితకాలం, ఆ పైన 60 ఏళ్లు ఉంటుంది. అయితే 17వ సెక్షన్‌లో ఒక మెలిక ఉంది. ఎవరైనా డబ్బిచ్చి పురమాయించి పెయింటింగ్ వేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, మొదటి హక్కు వేయించుకున్నవాళ్లదే. అంటే ఫ్రీలాన్స్ చిత్రకారులు నోటిమాట మీద పని ఒప్పుకుంటే బొమ్మ చేతులు దాటడంతోనే హక్కు కూడా దాటిపోవచ్చు.

19వ సెక్షన్ ప్రకారం హక్కు రాసివ్వడం నోటిమాటతో చెల్లదు, సంతకంతో కాగితం ఉండాలి. ఏ బొమ్మ, ఏయే హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతం, ఎంత ప్రతిఫలం అన్నవి అందులో రాయాలి. కాలం రాయకపోతే 5 ఏళ్లే, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. ఇక 57వ సెక్షన్ ముఖ్యమైంది. హక్కులన్నీ అమ్ముకున్నా సరే, ‘ఇది నేను గీసింది’ అని చెప్పుకునే హక్కు, తన పరువుకు భంగం కలిగేట్టు బొమ్మను వికృతం చేస్తే అడ్డుకునే హక్కు కళాకారులకు ఉంటాయి.

పుస్తకానికి వేసే బొమ్మకు ఇవన్నీ ఎందుకంటే, అది గోడకు వేలాడే పటం లాంటిది కాదు. పటం ఒకసారి అమ్ముడుపోతుంది. పుస్తకంలోని బొమ్మ వేల ప్రతులవుతుంది, మళ్లీ ముద్రణకు వెళుతుంది, ఇంకో భాషలోకి పోతుంది, పోస్టరవుతుంది. ఒక్కసారి కూలీ ఇచ్చి ఇన్నిసార్లు వాడుకోవడం పాత వెట్టికి కొత్త పేరు. ఇక కూలీ లేని పని కూడా ఇందులో చాలా ఉంది. కథ విని ఆలోచించడం, చిత్తు బొమ్మలు, మార్పులు, నచ్చలేదని పక్కన పడేసినవి - వీటిని ఎవరూ లెక్కగట్టరు.

మన దగ్గరి ప్రశ్న

ఇది భోపాల్ సంగతి, మనకెందుకు అనుకోవద్దు. వాడల్లో నీలం కోటు అంబేడ్కర్‌ను గోడ మీదికి తెచ్చింది ఊళ్లలో బోర్డులు రాసే ఆర్టిస్టులు. సభ జెండా, బ్యానరు, గోడ రాత - ఉద్యమం కంటికి కనిపించేట్టు చేసింది వాళ్లే. ఫ్లెక్సీ మిషన్లు వచ్చాక ఆ చేతులకు పని పోయింది. వాళ్లలో ఎంతమంది పేర్లు మన ఉద్యమ చరిత్రల్లోకి ఎక్కాయి? చిన్న పత్రికలకు డబ్బుండదు, నిజమే. అయినా కాగితానికి, అచ్చుకు, పోస్టుకు ఎక్కడో ఒక చోట తెచ్చి కడతారు. బొమ్మ దగ్గరికొచ్చేసరికి ‘మన ఉద్యమమే గదా’ అంటారు. ఉద్యమం అందరిదీ అయినప్పుడు అచ్చాఫీసు బిల్లుకు లేని త్యాగం చిత్రకారుడికే ఎందుకు?

అందుకని కొన్ని ప్రతిపాదనలు చర్చకు పెడుతున్నాం.

ఒకటి, దళిత బహుజన పత్రికలు, ప్రచురణ సంస్థలు బొమ్మ వేసినవాళ్ల పేరు, పేజీలు కూర్చినవాళ్ల పేరు రచయిత పేరు పక్కనే వేయాలి. రెండు, పని మొదలయ్యే ముందే తెలుగులో ఒక పేజీ ఒప్పందం రాసుకోవాలి. బొమ్మ మీద హక్కు గీసినవాళ్లదేనని, పత్రిక ఒక్కసారి వాడుకుంటుందని అందులో ఉండాలి. చదువుకోని కళాకారులయితే దాన్ని చదివి వినిపించాలి. మూడు, ఎంత తక్కువైనా పైకం ఇవ్వాలి. ఇవ్వలేకపోతే ఆ మాట ముందే చెప్పి, కాదనే అవకాశం ఇవ్వాలి. నాలుగు, పుస్తకం మళ్లీ అచ్చయినప్పుడు, అనువాదమయినప్పుడు బొమ్మకు వాటా ఉండాలి. అయిదు, దళిత సాహిత్యం చెప్పే ఉపాధ్యాయులు పుస్తకం బొమ్మల్ని కూడా పాఠంగా చెప్పాలి. పరిశోధక విద్యార్థులు తమ ఊళ్లలోని బోర్డు ఆర్టిస్టుల పనిని, జీవితాన్ని రాసిపెట్టాలి.

పాత ఏర్పాటులో కథ చెప్పినవాళ్లకు త్యాగం అడిగే హక్కుండేది, మర్యాద ఉండేది కాదు. ఇప్పుడు బిరుదుల రూపంలో మర్యాద కొందరికి దొరుకుతోంది, హక్కు మాత్రం కాగితం మీదికి ఎక్కితేనే నిలుస్తుంది. రెండూ కావాలని అడగడం ఆత్మగౌరవ పోరాటంలో భాగమే. ఆ అడగడం మన పత్రికల నుంచే మొదలు కావాలి.