వరమిచ్చేదెవరు? వెల చెల్లించేదెవరు?

ఆడపిల్లకు అద్భుతశక్తిని ప్రసాదించి, ఆ శక్తికి ఆమె ప్రాణాన్నే వెలగా తీసుకునే కథలు లోకంలో చాలా ఉన్నాయి. మన ఊళ్ళలో అవి దేవతలైన ఆడపడుచుల కథలుగా వినిపిస్తాయి. జపాన్‌లో టెలివిజన్ బొమ్మల చిత్రాలుగా కనిపిస్తాయి. ఈ రెంటికీ ప్రత్యక్ష సంబంధం ఏమీ లేదు. అయినా పక్కపక్కన పెట్టి చూసినప్పుడు రెండూ ఒకే ప్రశ్న దగ్గరకు వస్తాయి. వరమిచ్చేవాడికి అందులో లాభమేమిటి? ఈ ప్రశ్న వేసే రచన ఒక రకం. వేయనీయకుండా కన్నీళ్ళతో, హారతులతో ముగించే రచన మరొక రకం. ఈ భేదం స్పష్టపడితే, నూరేళ్ళకు పైబడిన గురజాడ 'పూర్ణమ్మ' ఇవాళ్టికీ ఎందుకు కొత్తగా ఉన్నదో అర్థమవుతుంది.

ముందుగా జపాన్ సంగతి చూద్దాం. అక్కడి బొమ్మల చిత్రాలను అనిమే అంటారు. అందులో 'మాయాబాలిక' కథలు ఒక ప్రత్యేక శాఖ. 1966లో మొదలైన 'మంత్రకత్తె సాలీ' ధారావాహికను ఈ శాఖకు ఆద్యంగా చెబుతారు. 1992లో వచ్చిన 'సెయిలర్ మూన్' దీన్ని ప్రపంచమంతా తిప్పింది. ఈ కథల చట్రం దాదాపు స్థిరమైనది. బడికి వెళ్ళే ఒక మామూలు పిల్ల ఉంటుంది. మాటలాడే ఒక చిన్న జంతువు ఆమె దగ్గరకు వచ్చి, నీలో శక్తి ఉన్నదని చెబుతుంది. చేతికి ఒక మంత్రదండమో, పతకమో దొరుకుతుంది. వెలుగుల మధ్య ఆమె దుస్తులు మారిపోతాయి. రిబ్బన్లు, లేసు అంచులు మెరుస్తాయి. ఆమె దుష్టశక్తిని ఓడించి, మర్నాడు యథాప్రకారం తరగతిలో కూర్చుంటుంది.

ఈ కథలను పిల్లల కాలక్షేపమని తోసిపారేయడం న్యాయం కాదు. కథకు నడిమధ్య ఆడపిల్లను నిలబెట్టి, ఆమె చేతనే యుద్ధం చేయించిన ఘనత వాటికి ఉన్నది. కానీ వాటి పునాదిలో ఒక అబద్ధం కూడా ఉన్నది. శక్తి ఉచితంగా వస్తుందన్నదే ఆ అబద్ధం. ఆ మంత్రదండాన్నే బొమ్మల కంపెనీలు తయారుచేసి అంగట్లో వెలకట్టి అమ్ముకున్నాయి. కథలో ఉచితమైనది బజారులో ఉచితం కాలేదు.

ఈ అబద్ధాన్ని లోపలి నుంచే బద్దలు కొట్టిన చిత్రం 2011 జనవరి నుంచి ఏప్రిల్ వరకు పన్నెండు భాగాలుగా ప్రసారమైన 'మాయాబాలిక మడోకా మాగికా'. షాఫ్ట్ అనే సంస్థ తీసిన దీనికి దర్శకుడు అకియుకి షింబో, రచయిత గెన్ ఉరొబుచి. పైకి చూస్తే ఇది కూడా అదే చట్రం. గుండ్రని ముఖాలు, లేత రంగులు, తెల్లని బొచ్చుతో ముద్దొచ్చే క్యూబే అనే జంతువు. అది పిల్లల దగ్గరకు వచ్చి, నీ కోరిక ఒకటి తీరుస్తాను, బదులుగా మాయాబాలికవై మంత్రకత్తెలతో పోరాడు, అంటుంది. పిల్ల ఒప్పుకుంటుంది. మూడవ భాగంలో అందరికీ అక్కలాంటి మామి చచ్చిపోతుంది. మర్నాడు ఆమె తరగతికి రాదు. అక్కడ పాత చట్రం విరిగింది.

తరువాత ఒక్కొక్క షరతూ బయటపడుతుంది. ఒప్పందం జరిగిన క్షణంలోనే పిల్ల ప్రాణం శరీరంలోంచి తీయబడి ఒక మణిలో బంధింపబడింది. శరీరం ఇక ఆడించే బొమ్మ మాత్రమే. దుఃఖం పెరిగినకొద్దీ మణి నల్లబడుతుంది. పూర్తిగా నల్లబడిన నాడు, ఇంతకాలం ఏ మంత్రకత్తెలతో పోరాడిందో ఆ మంత్రకత్తెగానే ఆమె మారిపోతుంది. ఆశ నిరాశగా మారే ఆ క్షణంలో పుట్టే శక్తిని పోగుచేసుకోవడమే క్యూబే జాతి వ్యాపారం. విశ్వంలో శక్తి తరిగిపోకుండా కాపాడడానికే ఇదంతా అని అది వివరిస్తుంది.

ఇందులో గమనించవలసినది ఒకటున్నది. క్యూబే ఎక్కడా అబద్ధమాడదు. అడగనిది చెప్పదు, అంతే. నువ్వు సమ్మతించావు కదా అంటుంది. ప్రతినాయకుడు ద్వేషంతో కోరలు చాచే రాక్షసుడు కాడు. లెక్కలు తెలిసిన గుమాస్తా. పిల్లల ఏడుపు దానికి అర్థం కాదు, ఎందుకంటే దాని ఖాతాలో ఏడుపు ఖర్చు కింద లేదు, రాబడి కింద ఉంది. ఈ చిత్రం చీకటిగా ఉన్నదని పేరు పడింది. ఆ చీకటి చావుల వల్ల వచ్చింది కాదు. లెక్క బయటపడడం వల్ల వచ్చింది.

ఆ పిల్లలు కోరిన కోరికలు కూడా గమనించదగినవే. సాయకా అనే పిల్ల తనకోసం ఏమీ కోరలేదు. తాను ప్రేమించిన కుర్రవాడు ఫిడేలు వాయించే చెయ్యి దెబ్బతిన్నది, అది బాగవాలని కోరింది. బాగైంది. ఆ కుర్రవాడు వేరొక పిల్లకు దగ్గరయ్యాడు. క్యోకో తన తండ్రి బోధలు జనం వినాలని కోరింది. జనం విన్నారు. అది మాయ అని తెలిసిన తండ్రి కూతుర్ని మంత్రకత్తె అన్నాడు, కుటుంబాన్ని చంపి తానూ చచ్చాడు. ఒకరికోసం కోరుకోవడం, ఒకరికోసం ఓర్చుకోవడం ఆడపిల్లకు ఎవరు నేర్పారు? ఆ నేర్పు ముందే ఉండబట్టి క్యూబే పని సులువైంది. ఒప్పందం కాగితం మీద రాకముందే ఇంట్లో రాసి ఉంచారు.

ఇక మన కథల దగ్గరకు వద్దాం. కట్టమంచి రామలింగారెడ్డి 1899లో రాసిన 'ముసలమ్మ మరణం' అనంతపురం ప్రాంతపు బుక్కరాయసముద్రం చెరువు గాథ. చెరువుకు గండి పడబోతున్నది. బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను బలి ఇస్తే కట్ట నిలుస్తుందని అశరీరవాణి పలుకుతుంది. ఆమె అందరి దగ్గరా సెలవు తీసుకుని నీళ్ళలోకి నడిచిపోతుంది. ఊరు బ్రతుకుతుంది. విషాదాంతాన్ని ఆధునిక తెలుగు కావ్యంలో ధైర్యంగా నిలబెట్టిన రచన ఇది. ఆమె పాత్ర ఉదాత్తమైనదే, అందులో సందేహం లేదు. కానీ ఆకాశవాణికి ఆ కోడలి పేరే ఎందుకు తోచింది? కట్ట గట్టిదనం చూడవలసిన పెద్దల పేరు ఎందుకు తోచలేదు? కావ్యం ఈ ప్రశ్న దాకా పోదు. ఆమె గొప్పతనపు వెలుగులో షరతు కనపడకుండా పోయింది.

మా నరసాపురానికి దగ్గరలోని పెనుగొండ వాసవీ కన్యక ఐతిహ్యానికి నిలయం. రాజు కోరిన వైశ్యకన్య అతనికి లొంగక అగ్నిప్రవేశం చేసింది; నూట రెండు గోత్రాలవారు ఆమెతో అగ్నిలోకి నడిచారు; ఆమె దేవత అయింది. భక్తులకు అది ఆరాధనా విషయం, ఆ విశ్వాసంతో ఇక్కడ పేచీ లేదు. సాహిత్యంలో ఆ గాథను గురజాడ 'కన్యక'గా ఎలా మలిచాడన్నదే మనకు ముఖ్యం. అగ్నిలో దూకేముందు ఆమె అన్నలను, తండ్రులను ఉద్దేశించి మాటలాడుతుంది. ఆలుబిడ్డలను కాపాడుకోవాలన్న ఆశే లేదా అని నిలదీస్తుంది. ముసలమ్మ సెలవు తీసుకున్నది. కన్యక లెక్క అడిగింది. ఈ రెండు కావ్యాల మధ్య ఏళ్ళు కొద్దివే, దూరం మాత్రం చాలా ఉన్నది.

'పూర్ణమ్మ'లో గురజాడ ఇంకొక మెట్టు ఎక్కాడు. పూజారి ఇంట పుట్టిన పిల్ల ఆమె. రోజూ పూలు కోసి దుర్గకు సమర్పిస్తుంది. పూలు, కొలను, అన్నదమ్ములు, దేవత. నడక పిల్లలు పాడుకునే పాటలా ఉంటుంది. మాయాబాలిక కథకు కావలసిన సరంజామా అంతా ఇక్కడున్నది. భక్తురాలికి దేవత వరమిస్తుందని పాఠకుడు ఎదురుచూస్తాడు. వరం రాదు, వరుడు వస్తాడు. కాసులకు లోబడిన తల్లిదండ్రులు పిల్లను ముసలివాడికి కట్టబెడతారు. పూర్ణమ్మను కవి పదే పదే పుత్తడిబొమ్మ అంటాడు. మొదట అది ముద్దుమాటగా వినిపిస్తుంది. పెళ్ళి తరువాత అదే మాట ధరగా వినిపిస్తుంది. పుత్తడిని పుత్తడికి మార్చుకున్నారు. మడోకా కథలో ప్రాణం మణిగా మారడానికీ, ఇక్కడ పిల్ల బంగారంగా మారడానికీ ఉన్న పోలిక కాకతాళీయమే కావచ్చు. మనిషిని సొత్తుగా మార్చే వ్యవహారం ఏ దేశంలోనైనా అలాంటి ప్రతీకనే వెతుక్కుంటుంది.

ఈ వ్యవహారం కవి ఊహ కాదు. 'కన్యాశుల్కం' తొలి కూర్పు 1897లో వెలువడింది. దాని ఆంగ్ల పీఠికలో గురజాడ కొన్ని లెక్కలు ఇచ్చాడు. విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లాలో శుల్కం పుచ్చుకుని చేసిన బ్రాహ్మణ వివాహాలకు జాబితా తయారు చేయించాడు. మూడేళ్ళలో నమోదైనవి 1,034. అందులో అయిదేళ్ళ వయసులో పెళ్ళయినవారు 99 మంది, నాలుగేళ్ళవారు 44, మూడేళ్ళవారు 36, రెండేళ్ళవారు 6, ఏడాది పిల్లలు ముగ్గురు. నాటకంలో ఈ లెక్క నవ్వుగా మారింది. గేయంలో కొలనుగా మారింది.

ఒప్పందం దాగి ఉండడానికి పురాణమో మంత్రమో అక్కరలేదని చెప్పడానికి మా ఊరే సాక్ష్యం. పందొమ్మిదవ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా ఇక్కడికి వచ్చిన లేసు అల్లిక విదేశాలకు ఎగుమతి అయ్యే పరిశ్రమగా పెరిగింది. 1982లో జర్మన్ పండితురాలు మరియా మీస్ 'నరసాపురం లేసు అల్లేవారు' అనే గ్రంథం ప్రచురించింది. దారం ఏజెంటు ఇస్తాడు. అరుగు మీద కూర్చుని ఒకామె పువ్వులు అల్లుతుంది, మరొకామె అతుకుపని చేస్తుంది. సరుకు సముద్రాలు దాటుతుంది. అల్లినవారిని మాత్రం పనివారు అనరు. ఖాళీ వేళల్లో కాలక్షేపం చేసే గృహిణులు అంటారు. ఆ పేరు పెట్టడంలోనే కూలి తగ్గించే కిటుకు ఉన్నదని మీస్ నిరూపించింది. ఇక్కడా ఎవరూ అబద్ధం చెప్పలేదు. గృహిణి అన్నారు, అంతే. మాయాబాలిక గౌను అంచున మెరిసే లేసును చూసి మురిసేవారికి దానిని అల్లే వేళ్ళు కనపడవు.

ఇప్పుడు ముగింపుల సంగతి. షరతును బయటపెట్టిన రచన చివరకు ఏం చేస్తుందన్నదే అసలు పరీక్ష. మడోకా చిట్టచివర తన కోరిక కోరుతుంది: గతంలోనూ భవిష్యత్తులోనూ ఏ మాయాబాలికా మంత్రకత్తెగా మారకుండా ఉండాలి. ఆ కోరికతో ఆమె మనిషిగా అంతరించి ఒక విశ్వనియమంగా మారిపోతుంది. కన్నతల్లికి కూడా ఆమె జ్ఞాపకం మిగలదు. స్నేహితులలో హొమురా ఒక్కతే గుర్తుంచుకుంటుంది. ఒప్పందాన్ని ఒప్పందంతోనే ఓడించిన ఈ యుక్తి గొప్పది. కానీ క్యూబే వ్యాపారం ఆగలేదు, రూపం మారింది. ఒక పిల్ల మళ్ళీ దేవత అయింది. పన్నెండు భాగాలపాటు నిలదీసిన రచన చివరి భాగంలో హారతి పట్టింది. 2013లో వచ్చిన 'తిరుగుబాటు' చిత్రంలో హొమురా ఆ దేవతను కిందికి లాగి మళ్ళీ మామూలు పిల్లను చేస్తుంది, తాను దయ్యమన్న పేరు మోస్తుంది. అయితే అందుకు మడోకా సమ్మతి అడగదు. అలా ఆ రచయితలు దేవతను చేయడమూ తేల్చలేక, దింపడమూ తేల్చలేక నిలబడ్డారు.

గురజాడ తేల్చాడు. పూర్ణమ్మ కూడా దుర్గను చేరిందనే గేయం ముగుస్తుంది కదా అని ఎవరైనా అడగవచ్చు. ఆ ముగింపును జాగ్రత్తగా చదవాలి. సాయంత్రం పశువులు మందలు చేరాయి, పూర్ణమ్మ మాత్రం ఇంటికి రాలేదు. ముందుగా కవి చెప్పినది ఈ లోటు. ఆ తరువాత కన్నుల కాంతి కలువలకు, మేని మెరుపు మేలిమికి, నడక సొగసు హంసలకు చేరాయంటాడు. కవులు అనాదిగా ఆడదాన్ని వర్ణించడానికి ప్రకృతి నుంచి అరువు తెచ్చిన ఉపమానాలన్నీ ఎక్కడివక్కడ తిరిగి అప్పజెప్పబడ్డాయి. అరువు సొమ్ము అంతా తీరిపోయాక పిల్ల ఏదీ? కొలనులో ఉన్నది. ఆ పైన దుర్గ పేరు చెప్పడం సాంత్వన కాదు. కాసులు పుచ్చుకున్న ఇంటి గుమ్మంలో పెట్టిన నింద.

కానీ మన తరగతి గదుల్లో ఈ గేయం తరచు కరుణరసానికి ఉదాహరణగానే ముగిసిపోతుంది. పూర్ణమ్మ స్వభావాన్ని వివరించమంటే భక్తి, ఓర్పు, త్యాగం అని పిల్లలు రాస్తారు. మార్కులూ పడతాయి. పూర్ణమ్మ తండ్రి స్వభావాన్ని వివరించమని అడిగితే ఏం రాస్తారు? ఆ ప్రశ్న అడగాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఇరవై నుంచి ఇరవైనాలుగేళ్ళ వయసు స్త్రీలలో 29 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్ళయింది. శుల్కం దిక్కు మార్చుకుని కట్నమైంది, బేరం పోలేదు. ఈ గేయం చదివే పిల్లలలో కొందరి పేర్లు రేపటి శుభలేఖల మీద ఉండవచ్చు.

అందుచేత చీకటిగా ఉన్నంత మాత్రాన ఒక కథ పరిణతి చెందినదని అనుకోనక్కరలేదు. చావులు చూపించడం సులభం. చచ్చిన పిల్లకు గుడి కట్టడం అంతకంటె సులభం. ఆ చావు ఎవరి ఖాతాలో జమ పడిందో చూపించడం కష్టం. మడోకా చిత్రం ఆ కష్టానికి చాలా దూరం పూనుకున్నది, అందుకు దాన్ని మెచ్చుకోవాలి. గురజాడ ఆ పనిని చిన్న గేయంలో, పిల్లల పాటలాంటి మాటల్లో పూర్తి చేశాడు. ఆ గేయాన్ని చదివించేటప్పుడు కన్నీళ్ళ దగ్గర ఆగిపోకుండా, కాసుల దగ్గర దాకా పిల్లల చేయి పట్టుకుని తీసుకుపోవడం ఉపాధ్యాయులుగా, విమర్శకులుగా మనం చేయవలసిన పని.