దీవికి ఏ పుస్తకాలు తీసుకెళ్తారు? ముందు ఏరోప్లేన్ మోడ్ పెట్టి చూడండి

నిర్జన దీవిలో ఒంటరిగా చిక్కుకుపోతే వెంట ఏ పుస్తకాలు ఉండాలి? ఈ ప్రశ్న మీరూ ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. బీబీసీ రేడియోలో 1942లో ఈ ఆట మీదే ఒక కార్యక్రమం మొదలైంది. వచ్చిన అతిథి ఎనిమిది పాటలు, ఒక పుస్తకం, ఒక విలాస వస్తువు ఎంచుకోవాలి. బైబిలు, షేక్స్‌పియర్ దీవిలో ముందే ఉంటాయన్నమాట. బీటెక్ రోజుల్లో మా హాస్టల్లో షేక్స్‌పియర్ తీసేసి భారతం పెట్టుకుని ఇదే ఆట ఆడేవాళ్ళం.

ఈ ఆటలో నాకో అడ్వాంటేజ్ ఉంది. మా అమ్మమ్మ వాళ్ళది నిజంగానే దీవి.

గుడివాడ నుంచి పామర్రు, చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ, అక్కడి నుంచి నాగాయలంక, ఆ తర్వాత ఏటిమొగ. రోడ్డు అక్కడితో సరి. బండిని పంటు ఎక్కించి కృష్ణ పాయ దాటితే ఎదురుమొండి. నిర్జన దీవేం కాదు. ఊళ్ళున్నాయి, చేపల వేట ఉంది, పొలాలున్నాయి. వారధి కావాలని జనం ఏళ్ళ తరబడి అడుగుతున్నారు. వాతావరణం బాగోకపోతే పంటు ఆగిపోతుంది. అప్పుడు ఆ దీవి మ్యాప్‌లో కనిపించే దీవి కాదు, నిజం దీవి.

2023 డిసెంబరు మొదటి వారంలో మిచాంగ్ తుఫాను వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నా. 5వ తేదీన అది బాపట్ల దగ్గర తీరం దాటింది. మాకు అంతకుముందే కరెంటు పోయింది, కాసేపటికి సిగ్నల్ కూడా. టవర్ అయినా బ్యాటరీ మీద, జనరేటర్ మీద ఎంతసేపని నిలబడుతుంది? రాత్రి వాన హోరులో తాతయ్యకి నిద్ర పట్టలేదు. 1977 నవంబరు 19 చూసినవాళ్ళకి గాలి శబ్దం మారితే నిద్ర పట్టదు. ఆ ఒక్క ఉప్పెనలో దివిసీమలో, చుట్టుపక్కల దాదాపు పదివేల మంది పోయారు. తాతయ్య ఇంట్లో మనుషులు మిగిలారు, చెక్క బీరువాలోని పుస్తకాలు మిగల్లేదు.

"ఏరా, ఆ ఫోన్లో ఏదన్నా పుస్తకం ఉంటే చదివి పెట్టు" అన్నారు.

ఒకటేంటి తాతయ్యా, రెండొందలున్నాయి అన్నాను, కొంచెం గొప్పగానే. తీరా చూస్తే తెరుచుకున్నవి మూడు.

దిగిందా, దిగినట్టు కనిపిస్తోందా?

పుస్తకాల యాప్‌లో కవర్ బొమ్మ కనిపించినంత మాత్రాన పుస్తకం ఫోన్లో ఉన్నట్టు కాదు. చాలా యాప్‌లు ముందు కవర్, పేరు మాత్రమే దించుకుంటాయి. మనం నొక్కినప్పుడే అసలు ఫైల్ సర్వర్ నుంచి వస్తుంది. నాకు జరిగింది ఇంకా తమాషా. ఒక యాప్‌లో డబ్బులిచ్చి కొన్న పుస్తకాలు పూర్తిగా దిగే ఉన్నాయి, కానీ తెరవబోతే మళ్ళీ లాగిన్ అవ్వమంది. యాప్ పేరు చెప్పను, ఆ యాప్ ఒక్కదానిదే కాదు ఈ జబ్బు. ఇలాంటి చోట మనం కొనేది పుస్తకం కాదు, చదువుకునే లైసెన్సు. ఫైల్ తాళం వేసి ఉంటుంది, తాళంచెవి కంపెనీ దగ్గరుంటుంది. 2009లో హక్కుల గొడవ వచ్చి, జార్జ్ ఆర్వెల్ పుస్తకాలు రెండింటిని అమెజాన్ కొన్నవాళ్ళ కిండిల్స్ లోంచే తీసేసింది. వాటిలో ఒకటి '1984' కావడం ఆ కంపెనీ ఖర్మ. డబ్బులు వెనక్కిచ్చారు, తర్వాత క్షమాపణా చెప్పారు. 2025 ఫిబ్రవరిలో, కొన్న పుస్తకాన్ని కంప్యూటర్లోకి దించి యూఎస్‌బీ కేబుల్‌తో కిండిల్‌లోకి ఎక్కించుకునే దారి కూడా మూసేశారు.

కాబట్టి ఇంట్లో కూర్చునే ఒక పరీక్ష చేయండి. ఏరోప్లేన్ మోడ్ పెట్టండి, వైఫై ఆపండి, ఫోన్ రీస్టార్ట్ చేయండి. ఆ తర్వాత ప్రతి పుస్తకాన్నీ తెరిచి మధ్యలో ఒక పేజీకి, చివర్లో ఒక పేజీకి వెళ్ళి చూడండి. తెరుచుకున్నవే మీ పుస్తకాలు.

తెలుగుకి ఉన్న ప్రత్యేకమైన తలనొప్పి

ఆ రాత్రి తెరుచుకున్న మూడింట్లో ఒకటి 'మాలపల్లి'. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు 1922లో జైల్లో ఉండగా రాసిన నవల. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది కూడా. ఉప్పెనలో పోయిన బీరువాలో ఇదీ ఉండేదట. పేరు వినగానే తాతయ్య లేచి కూర్చున్నారు. నేనే చదివిపెడదామని మొదలెట్టి పది పేజీలకి చేతులెత్తేశాను. ఎందుకంటే అది స్కాన్.

మన పాత తెలుగు పుస్తకాలు నెట్‌లో ఎక్కువగా దొరికేది ఇలాగే. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్ళు లైబ్రరీల్లోని పుస్తకాలని పేజీ పేజీ ఫొటో తీయించారు. అవి ఇప్పుడు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఉన్నాయి. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, రకరకాల స్పెల్లింగుల్లో ఉంటాయి కాబట్టి ఒకే పుస్తకాన్ని నాలుగు రకాలుగా వెతకాలి. ఆ పని చేసినవాళ్ళకి దండం పెట్టాల్సిందే, అది వేరే సంగతి. కానీ మామూలు తెలుగు నవల పేజీ దాదాపు 14 సెంటీమీటర్ల వెడల్పుంటుంది. ఫోన్ స్క్రీన్ వెడల్పు 7. అక్షరం సైజు సగానికి సగం పడిపోతుంది. ఫోన్ అడ్డంగా తిప్పితే అక్షరం పెద్దదవుతుంది గానీ ఒక్కో పేజీకి మూడుసార్లు జరపాలి. లాంతరు వెలుగులో డెబ్బై దాటిన మనిషి ఇది చదవలేరు. ఇరవైల్లో ఉన్న నేనే చదవలేకపోయాను.

టెక్స్ట్ పుస్తకం, అంటే ఈపబ్, ఇలా ఉండదు. ఈపబ్ లోపల ఉండేది వెబ్ పేజీలే, వాటిని జిప్ చేసి కట్టిన మూట అనుకోండి. అక్షరం ఎంత పెంచితే అంత పెరుగుతుంది, వాక్యం దానంతటదే కింది లైన్‌లోకి సర్దుకుంటుంది. వెతికితే మాట దొరుకుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఫోన్ దాన్ని పైకి చదవగలదు. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో టెక్స్ట్ టు స్పీచ్ దగ్గర తెలుగు గొంతుని ముందే దించుకుంటే నెట్ లేకుండానే చదువుతుంది. గొంతు కాస్త మరమనిషిలా ఉంటుంది, నిజమే. కానీ కళ్ళు సరిగా కనపడని మనిషికి ఏమీ లేకపోవడం కన్నా నయం. స్కాన్ ముందు ఈ ఫీచర్ మూగబోతుంది. ఫోన్ లెక్కలో అందులో అక్షరాలే లేవు, బొమ్మలున్నాయి.

జాగా లెక్క కూడా చూద్దాం. యూనికోడ్‌లో ఒక్కో తెలుగు గుర్తుకి 3 బైట్లు. 'స్త్రీ' మనకి ఒక్క అక్షరమే, కంప్యూటర్‌కి ఆరు గుర్తులు, 18 బైట్లు. అయినా సరే, పేజీకి 1,500 గుర్తుల చొప్పున 300 పేజీల నవల 1.3 ఎంబీ దాటదు, జిప్ అయ్యాక సుమారు 300 కేబీ. అదే స్కాన్ అయితే పేజీకి 100 కేబీ వేసుకున్నా 30 ఎంబీ. ఒక స్కాన్ పట్టే చోట వంద టెక్స్ట్ పుస్తకాలు పడతాయి.

టెక్స్ట్ ఉన్నా ఇంకో చిక్కు: ఒత్తులు. ఈ-రీడర్‌లో తెలుగు ఫాంట్ లేకపోతే డబ్బాలు కనిపిస్తాయి. ఫాంట్ ఉన్నా, అక్షరాలు కలిపే సాఫ్ట్‌వేర్ సరిగా లేకపోతే 'కృష్ణ'లో ణ-వత్తు విడిపోయి పక్కన కూర్చుంటుంది. అమెజాన్ 2016 డిసెంబరులో కిండిల్‌కి ఐదు భారతీయ భాషల పుస్తకాలు తెచ్చింది: హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. లిస్టులో మనం లేం. కోట్లమంది మాట్లాడే భాషకి ఇది చిన్న అవమానం కాదు. నా అనుభవంలో నమ్మకంగా పనిచేసింది కోరీడర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. కోబో, పాకెట్‌బుక్ రీడర్లలో, ఆండ్రాయిడ్‌లో నడుస్తుంది, మనకి నచ్చిన ఫాంట్ వేసుకోవచ్చు. నేను వేసుకున్నది గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే 'మండలి'. ఆ పేరు వింటే దివిసీమ వాళ్ళకి ముందు గుర్తొచ్చేది మండలి వెంకట కృష్ణారావు గారే. ఉప్పెన తర్వాత సహాయం పనుల్లో ముందు నిలబడిన మనిషి. తాతయ్యకి ఫాంట్ అంటే ఏంటో చెప్పడానికి పావుగంట పట్టింది, ఆ పేరు చెప్పగానే మాత్రం వెంటనే ఒప్పుకున్నారు.

సరే, ఏ పుస్తకాలు?

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. తాళం లేని టెక్స్ట్ పుస్తకం చట్టప్రకారం ఉచితంగా కావాలంటే రచయిత పోయిన ఏడాది చూసుకోవాలి. మన దేశంలో కాపీరైట్ రచయిత మరణించాక, మరుసటి ఏడాది మొదలు నుంచి లెక్కేసి 60 ఏళ్ళు ఉంటుంది. గుడివాడ పక్కన అంగలూరులో పుట్టిన గోపీచంద్ 1962లో పోయారు. అంటే 'అసమర్థుని జీవయాత్ర' 2023 జనవరి 1 నుంచి అందరిదీ. బందరు జాతీయ కళాశాలలో పనిచేసిన అడివి బాపిరాజు 1952లో పోయారు, ఆయన 'నారాయణరావు' ఎప్పుడో స్వేచ్ఛగా తిరుగుతోంది. దానితో కలిసి ఆంధ్ర విశ్వవిద్యాలయం బహుమతి పంచుకున్న 'వేయిపడగలు' మాత్రం 2037 దాకా ఆగాలి, విశ్వనాథ వారు పోయింది 1976లో. అందాకా కొనుక్కోవాల్సిందే. కాగితం పుస్తకమే కొనండి, దానికి లాగిన్ ఉండదు.

నా దీవి మూటలో మొదటిది కవిత్రయ భారతం. పద్దెనిమిది పర్వాలు, నెలల తరబడి పంటు రాకపోయినా అయిపోదు. టీటీడీ ఈ-బుక్స్ సైట్‌లో పుస్తకాలు పీడీఎఫ్‌గా ఉచితంగా దించుకోవచ్చు. కానీ భారతం ఫోన్లో చదవకండి, కనీసం పది అంగుళాల ట్యాబ్ కావాలి. తర్వాత గోపీచంద్. ఆ తర్వాత 'కన్యాశుల్కం', అది ఒక్కరే చదువుకునేది కాదు, పాత్రకొకరు చొప్పున పైకి చదవాలి. నిర్జన దీవిలో ఎవరితో చదువుతావ్ అని అడక్కండి, మా దీవిలో మనుషులున్నారని ముందే చెప్పాను. నాలుగోది కివిక్స్ యాప్‌లో తెలుగు వికీపీడియా మొత్తం. ఇంగ్లీషుది బొమ్మలతో సహా అయితే 100 జీబీ పైనే, తెలుగుది ఫోన్లో హాయిగా పడుతుంది. దానితోపాటు ప్రథమ చికిత్స పుస్తకం ఒకటి, ఆఫ్‌లైన్ మ్యాప్ ఒకటి. ఇవి సాహిత్యం కాదు గానీ తుఫాను రాత్రి ముందు తెరిచేది వీటినే.

కరెంటు లెక్క త్వరగా చెప్పేస్తా. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ అంటే కాగితం మీద 37 వాట్-అవర్స్. వోల్టేజ్ మార్పులో, వేడిలో పోయింది పోగా 5,000 ఎంఏహెచ్ ఫోన్‌ని ఒకసారి నింపి ఇంకో పావు ఇస్తుంది. ఈ-ఇంక్ రీడర్ అయితే పేజీ మారినప్పుడే స్క్రీన్ కరెంటు తాగుతుంది, బ్యాటరీ కూడా చిన్నది కాబట్టి అదే పవర్ బ్యాంక్ చాలాసార్లు నింపుతుంది. సిగ్నల్ లేని చోట ఫోన్‌ని ఊరికే వదిలేస్తే టవర్ కోసం వెతికి వెతికే అలిసిపోతుంది. ఏరోప్లేన్ మోడ్‌లోనే ఉంచండి. మూడో రోజుకి కూడా కాస్త ఛార్జ్ మిగలాలి, ఫోన్ చేయాల్సిన అవసరం అప్పుడే పడొచ్చు.

'మాలపల్లి' సంగతి మిగిలింది. ఉన్నవ వారు 1958లో పోయారు కాబట్టి హక్కుల ఇబ్బంది లేదు. స్కాన్‌ని టెసరాక్ట్ అనే ఉచిత ఓసీఆర్‌తో టెక్స్ట్‌గా మారుస్తున్నా. తెలుగు గుర్తుపడుతుంది, కానీ పాత అచ్చులో 'ప'ని 'వ' అంటుంది, 'ధ'ని 'థ' అంటుంది. ప్రతి పేజీ మళ్ళీ కళ్ళతో చూసి దిద్దాలి, ఆదివారానికి పదిహేను పేజీలు దాటడం లేదు. దిద్దినంత వరకు ఈపబ్ కట్టి, అక్షరం బాగా పెద్దది చేసి, పాత ట్యాబ్‌లో వేసి తాతయ్యకి పంపుతున్నా. పోయిన వారం ఫోన్ చేశారు. ఒక చోట మాట తప్పు పడిందట, నేను చూసుకోలేదు. "ఎన్నో ఏళ్ళ కింద చదివిన పుస్తకంరా, నాకు గుర్తుంది" అన్నారు. తర్వాతి పేజీలు ఎప్పుడని అడిగారు.