వైద్యుని శౌచం – టీకా సూది

శ్రీముఖలింగ క్షేత్రంలో పరమేశ్వరుని పేరు మధుకేశ్వరుడు. మధూకమనగా ఇప్పచెట్టు. ఆ చెట్టు మొదలులో స్వామి ముఖం వెలసినదని స్థలపురాణం. శివరాత్రి దినాలలో స్వామి దర్శనానికి, వంశధారలో చక్రతీర్థ స్నానానికి మన జిల్లాల నుండియే గాక ఒడిశా నుండి కూడ భక్తులు వేలాదిగా వస్తారు. 2021లో శివరాత్రి మార్చి 11న వచ్చినది. అప్పటికి కరోనా మన దేశంలో అడుగుపెట్టి సంవత్సరం దాటినది. టీకా వచ్చి రెండు నెలలు కావస్తున్నది. ఆ టీకాను మొదట ఇచ్చినది యాత్రికునికి కాదు, రోగిని తాకే చేతికి.

కషాయాలు, చూర్ణాలు చెప్పే పత్రికకు సూదిమందుతో పనేమి అని కొందరు పాఠకులు అడుగవచ్చును. పని కలదు. 2021 జనవరి 16న ప్రారంభమైన ఆ కార్యక్రమంలో తొలి వరుస వైద్యసిబ్బందిది. డాక్టర్లు, నర్సులు, ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తలు, ఆసుపత్రి ఊడ్చే కార్మికులతోబాటు ఆయుర్వేద వైద్యులు కూడ ఆ జాబితాలోనివారే. టీకా ఐచ్ఛికమని కేంద్రప్రభుత్వం ప్రకటించినది. తొలి వారాలలో అనేకచోట్ల వైద్యసిబ్బందియే వెనుకాడారు. వారి సందేహం పూర్తిగా నిరాధారమని అనలేము. హైదరాబాదులో తయారైన కోవాక్సిన్‌కు మూడవ దశ పరీక్షల ఫలితాలు రాకముందే అనుమతి లభించినది. తొలి ఫలితాలు మార్చిలో గాని వెలువడలేదు.

అయినను, రోగి పక్షాన నిలబడి చూచినప్పుడు మాట మారుతుంది. శ్రీముఖలింగం ఉన్న శ్రీకాకుళం జిల్లాలోనే ఉద్దానం కలదు. కవిటి, సోంపేట, కంచిలి, పలాస ప్రాంతాలలో మూత్రపిండాల వ్యాధి ఇంటింటి దుఃఖం. డయాలసిస్ మీద ఆధారపడిన రోగి వారానికి రెండు మూడు పర్యాయాలు కేంద్రానికి వెళ్లి, నాలుగేసి గంటలు యంత్రం ప్రక్కన పడుకొనవలెను. మహమ్మారి కాలంలో అందరిని ఇంటనే ఉండుమన్నారు. అతనికి ఆ వెసులుబాటు లేదు. అతనికి కరోనా సోకిన ప్రాణాపాయం ఎక్కువ. టీకా వేసినను అతని శరీరంలో రక్షణశక్తి తక్కువగానే పుడుతుంది. తనకు సూది గుచ్చే వ్యక్తి నుండి వ్యాధి రాదను భరోసా కోరడం అతని అత్యాశ యగునా?

చరకుడు సూత్రస్థానం తొమ్మిదవ అధ్యాయంలో చికిత్సకు నాలుగు పాదాలు చెప్పాడు: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. వైద్యునికి శాస్త్రజ్ఞానం, అనుభవం, దక్షత, శౌచం ఉండవలెను. పరిచారకునికి ఉపచారజ్ఞానం, దక్షత, అనురాగం, శౌచం ఉండవలెను. రెండింటను చివర నిలిచినది శౌచమే. శ్వాస, స్పర్శ, సహభోజనం, ఒకే శయ్య, ఒకే వస్త్రం వలన జ్వరాది రోగాలు ఒకరినుండి ఒకరికి సంక్రమిస్తాయని సుశ్రుతుడు నిదానస్థానంలో చెప్పాడు. ఈ రెండు మాటలను కలిపి చదివినచో, చేతులు కడుగుకొనుటతో శౌచం ముగియదని నా అభిప్రాయం. టీకాను ప్రాచీనులు ఎరుగరు. రోగి గదిలోకి రోగాన్ని మోసుకొనిపోరాదను ధర్మాన్ని ఎరుగుదురు.

మరి నిర్బంధం చేయవచ్చునా? ఇంగ్లండులో వృద్ధాశ్రమాల సిబ్బందికి 2021 నవంబరు 11 నుండి టీకా తప్పనిసరి చేసి, 2022 మార్చి 15న ఎత్తివేశారు. అమెరికాలో ప్రభుత్వ వైద్యపథకాల సొమ్ము పొందే ఆసుపత్రుల సిబ్బందికి విధించిన నిబంధనను అక్కడి సుప్రీంకోర్టు 2022 జనవరి 13న కొనసాగనిచ్చినది. 2023లో ప్రభుత్వమే ఉపసంహరించినది. అక్కడ పనిచేసే మన తెలుగు డాక్టర్లు, నర్సులు కూడ దానికి లోబడినవారే. మన సుప్రీంకోర్టులో తెలుగువారైన జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు, జస్టిస్ బి.ఆర్. గవాయ్ 2022 మే 2న తీర్పు చెప్పారు. ఎవరికిని బలవంతంగా టీకా వేయరాదు. అయితే ప్రజారోగ్యం కొరకు, అవసరానికి మించని పరిమితులను ప్రభుత్వం విధించవచ్చును. టీకా వేసుకొనని వారి వలన వ్యాప్తి ఎక్కువని చూపే ఆధారాలు తమ ముందుకు రాలేదని కూడ న్యాయస్థానం పేర్కొన్నది. ఆ కాలానికి ఒమిక్రాన్ వచ్చియున్నది. టీకా తీవ్రవ్యాధిని, మరణాన్ని బాగుగా తగ్గించినను, వ్యాప్తిని అడ్డుకొనే శక్తి నెలలు గడచినకొలది క్షీణించినది.

కాబట్టి ఉద్యోగం ఊడగొట్టే నిర్బంధాన్ని నేను సమర్థించను. కాని టీకా వద్దన్నవారిని డయాలసిస్ మంచం ప్రక్కన గాక వేరొక పనిలో ఉంచుట న్యాయమే. ఇంటింటికి తిరిగి జ్వరాలు విచారించిన ఆశా కార్యకర్తకు హుకుం కంటె, ఎదురుగా కూర్చుండి సందేహం తీర్చే డాక్టరు ఎక్కువ అవసరం. తులసి, శొంఠి, మిరియాల కషాయం గొంతుకు హాయినిచ్చును, నిజమే. దానిని టీకాకు బదులని చెప్పే వైద్యుడు మన శాస్త్రానికే అపకీర్తి తెచ్చుచున్నాడు.

ఏ టీకా తరువాతనైనను చెప్పినంతసేపు కేంద్రంలోనే వేచియుండవలెను. ముఖం వాచినను, దద్దుర్లు లేచినను, ఊపిరి ఆడకున్నను వెంటనే సిబ్బందికి చెప్పవలెను. సూది గుచ్చినచోట నూనె మర్దన, పసుపు పట్టు కూడవు, తడిగుడ్డ చాలును. ఒకటి రెండు రోజుల ఒళ్లునొప్పులకు విశ్రాంతి, పలుచని చోడి అంబలి, తగినంత నీరు మేలు. జ్వరం మూడవ రోజునకు తగ్గకున్న డాక్టరును చూడవలెను.

కరోనా సద్దుమణిగినను డయాలసిస్ కేంద్రాలలో రక్తం ద్వారా సంక్రమించే హెపటైటిస్-బి భయం పోలేదు. అక్కడి సిబ్బంది మొదటి రోజు, ఒక నెలకు, ఆరు నెలలకు మూడు మోతాదులు తీసికొని, తరువాత ఒకటి రెండు నెలలలో రక్తపరీక్షతో రక్షణ ఏర్పడినదీ లేనిదీ తెలిసికొనవలెను. మీ ఇంటి రోగిని అక్కడికి తీసుకొనిపోయినప్పుడు, ఈ టీకా వేసికొన్నారా అని మర్యాదగా అడుగుటకు సంకోచించనక్కరలేదు.