ఖాళీ ఉందని ఎవరి మాట నమ్మాలి?

లైసెన్సులిచ్చి పంచేసిన రేడియో తరంగాలు అన్ని చోట్లా, అన్ని వేళలా వాడకంలో ఉండవు. పరిసరాలను గమనించి తన తీరు మార్చుకునే కాగ్నిటివ్ రేడియో ఆలోచనను జోసెఫ్ మిటోలా 1999లో ముందుకు తెచ్చాక, ఆ ఖాళీలను వాడుకోవచ్చన్న ఆశ పుట్టింది. హక్కుదారు లేనప్పుడు వాడుకోవాలి, రాగానే తప్పుకోవాలి. చిక్కంతా ఖాళీ ఉందో లేదో తేల్చడంలోనే ఉంది. కొండ చాటున ఉన్న పరికరానికి టీవీ టవర్ సిగ్నల్ అందదు. ఖాళీయే అనుకుని అది ప్రసారం మొదలుపెడితే, కొండకు ఇవతల ఇళ్లలో టీవీ బొమ్మ చెడిపోతుంది. అందుకే చాలా పరికరాలు తాము విన్నది ఒక కేంద్రానికి చెప్పాలి, ఆ కేంద్రమే తేల్చాలి అన్న పద్ధతి వచ్చింది.

సాక్షులు ఎంతమంది ఉంటే అంత మంచిదని అనిపిస్తుంది కానీ, లెక్క వేస్తే అలా తేలదు. 'ఒక్క పరికరం సిగ్నల్ ఉందన్నా ఉన్నట్టే' అన్న నియమం తీసుకుందాం. ఒక్కో పరికరం నూటికి 5 సార్లు పొరపాటున 'ఉంది' అంటుందనుకుంటే, వేర్వేరుగా వినే పది పరికరాలు చేరేసరికి ఉత్త హెచ్చరికలు నూటికి 40కి చేరతాయి. పొరపాట్లే ఇంత పని చేస్తే, కావాలని ఎప్పుడూ 'ఉంది' అనే ఒక్క అబద్ధాలకోరు అందరినీ తరిమేసి ఆ తరంగాన్ని తానే వాడుకోవచ్చు. 'అందరూ ఉందంటేనే ఉన్నట్టు' అని నియమాన్ని తిప్పేస్తే, అతను 'లేదు' అంటే చాలు, మిగతావాళ్లంతా హక్కుదారు మీద పడతారు. మెజారిటీ లెక్క కొంత నయం. అయితే అబద్ధాలకోర్ల సంఖ్య సగానికి చేరితే, కేంద్రానికి వచ్చిన నివేదికలన్నీ కలిపినా నాణెం ఎగరేసినదాని కంటే ఎక్కువ తెలియని స్థితి రావచ్చు.

కనుక తలలు లెక్కపెట్టడం మాని, ఎవరి మాట ఇంతవరకు ఎంత నిలబడిందో చూడాలి. వర్జీనియా టెక్ పరిశోధకులు 2008లో చూపిన దారి ఇదే: తుది నిర్ణయంతో తరచూ ఏకీభవించిన పరికరానికి ఎక్కువ విలువ ఇస్తూ, ఆధారం చాలేదాకా నివేదికలు అడుగుతూ పోవడం. కొండ చాటున ఉన్న నిజాయితీ పరికరానికి ఇది అన్యాయం కాదా అని అడగవచ్చు. ఆ చోటి నుంచి దానికి వినిపించేదే తక్కువ కాబట్టి దాని మాటకు విలువ తగ్గడం సబబే. దాన్ని దొంగ అని వెలివేస్తే మాత్రం తప్పు. అదే చాటున ఉన్న ఇరుగుపొరుగు పరికరాల నివేదికలతో పోల్చితే తేడా బయటపడుతుంది. ముందు నిజాలు చెప్పి నమ్మకం సంపాదించి, అదను చూసి అబద్ధమాడేవాడి సంగతేమిటన్నది మరింత గట్టి ప్రశ్న. నమ్మకం మెల్లగా పెరిగి చప్పున తగ్గేలా లెక్క కడితే నష్టం తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఒకే మనిషి వంద దొంగ పేర్లతో నివేదికలు పంపగలిగితే ఏ లెక్కా నిలవదు. గుర్తింపు ఖాయమయ్యాకే సాక్ష్యం వినాలి.

ఇంత తంటా ఎందుకు, ఏ తరంగం ఎక్కడ ఖాళీయో ఒక డేటాబేస్‌లో రాసుకుంటే సరిపోదా? కదలని టీవీ టవర్లకు సరిపోతుంది. అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2010లో డేటాబేస్‌ను సంప్రదించే పరికరాలకు సిగ్నల్ వినాలన్న నిబంధనను తీసేసింది, అది సరైన పనే. కానీ 3550-3700 మెగాహెర్ట్జ్‌లో పనిచేసే నౌకాదళ రాడార్లు ఓడలతోపాటు కదులుతాయి, అవి ఎక్కడున్నాయో నౌకాదళం చాటి చెప్పదు. అందుకే ఈ బ్యాండ్‌కు 2015లో చేసిన నిబంధనల్లో తీరం వెంట ఆమోదం పొందిన సెన్సర్లకే వినే పని అప్పగించారు. రాడార్ జాడ చెప్పాక 300 సెకన్లలోగా ఆ ప్రాంతంలోని వాణిజ్య ప్రసారాలు ఆగాలి, లేదా వేరే ఖాళీకి మారాలి. అక్కడ దారిన పోయే ఫోన్ల మాట చెల్లదు, ఆ కట్టడి న్యాయమైనదే. రేపు మామూలు ఫోన్లకూ ఈ పని ఇస్తామనేవారు, తమ వ్యవస్థ ఎంతమంది అబద్ధాలాడేదాకా తట్టుకోగలదో ముందుగా లెక్కతో చూపాలి. చూపలేకపోతే అనుమతి ఇవ్వకూడదు.